ఐదు లెక్కపెట్టేలోగా

స్పాంజి బాబాయి బొటనవేలితో స్పాంజి పలకను గట్టిగా నొక్కి, వదిలి, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఒకటి... రెండు... మూడు..." నాలుగు దగ్గర గుంట పూడి, స్పాంజి మళ్ళీ చదునైంది. "లేచింది," అని తనలో తాను అనుకుని ఆ పలకను కుడిపక్కన పెట్టాడు. తరువాతిది ఐదు దాటినా లేవలేదు. దాన్ని ఎడమపక్కకి విసిరేశాడు. రోజూ పొద్దున్నే పలకలన్నిటినీ ఇలా వేలితో పలకరించాక గానీ ఆయన కత్తి ముట్టుకోడు. ఐదు లెక్కపెట్టేలోగా లేవని స్పాంజి దెబ్బ కాచుకోలేదని ఆయన నమ్మకం. తయారుచేసినవాళ్ళు అట్టపెట్టె మీద ఎన్ని అంకెలు అచ్చేసినా ఆయన వాటిని చదివిన పాపాన పోలేదు.

విమానాశ్రయం కింది అంతస్తులో, మెట్ల వాలు కింద, రెండు బారల వెడల్పున్న కొట్టు అది. విమానంలో చేత్తో పట్టుకెళ్ళనివ్వని వస్తువులు కొన్ని ఉంటాయి. పోటీలకు వెళ్ళేవాళ్ళ రైఫిళ్ళు, పిస్తోళ్ళు, పెద్ద వయొలిన్లు, ఇంతెత్తు గెలుపు కప్పులు, సర్వే చేసేవాళ్ళ కొలత యంత్రాలు. అవన్నీ గట్టిపెట్టెలో పెట్టి, తాళం వేసి, కింద సామాను గదికి అప్పగించాల్సిందే. ఆ పెట్టెలో వస్తువు కదలకుండా, దాని ఆకారానికి సరిగ్గా స్పాంజి కోసి ఇవ్వడం బాబాయి పని. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. సొంత పేరొకటి ఉండేది గానీ, జీతం కాగితం మీద తప్ప దాన్ని ఎవరూ వాడరు.

విమానాశ్రయం లోపల కత్తి అంటే మాటలు కాదు. బాబాయి కత్తి జానెడు పొడవు, రెల్లు ఆకంత సన్నం. రోజూ పొద్దున ఆరింటికి పక్క గేటు దగ్గర కాపలా ఉండే మీసాలాయన బీరువా తెరిచి దాన్ని తీసిస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి అది మళ్ళీ బీరువాలో ఉండాలి. ఒక్కరోజు కూడా బాబాయి ఆ మూడు దాటించలేదు. ఇవాళ సంతకం చూసి మీసాలాయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఏంటి బాబాయ్, సంతకం వణికింది?"

"పెన్ను వణికిందిలే."

రెండు నెలలుగా కుడిచెయ్యి మాట వినడం లేదు. ఎడమ అరచేతిని పలక మీద ఆనించి, కుడి మణికట్టును దానికి చేరవేసి కోస్తున్నాడు. చూసేవాళ్ళకి అదేదో కొత్త ఒడుపులా ఉంటుంది. ఎడమ భుజంలో నొప్పి కూడా వారం నుంచీ ఉంది. దానికి కారణం దిండు అని ఆయనే తేల్చేసుకున్నాడు.

ఆ దిండు సంగతి చెప్పుకోవాలి. స్పాంజిలో రైఫిల్ ఆకారం కోస్తే, పెట్టెలో రైఫిల్ పట్టే ఖాళీ మిగులుతుంది, చేతిలో మెత్తటి రైఫిల్ ఒకటి మిగులుతుంది. పారేయడానికి మనసొప్పక వాటిని సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాడు. ఇంటావిడ వాటితో దిళ్ళు కుట్టింది. ఆ ఇంట్లో మొత్తం పదకొండు దిళ్ళు. ఆయన తల కింద అన్నీ తుపాకులే. ఆవిడ దిండులో మూడు వయొలిన్లు, ఒక గెలుపు కప్పు, ఎవరిదో టెలిస్కోపు. ఏ దిండు మీద పడుకుంటే ఆ కలలే వస్తాయని ఆవిడ వాదన. ఆయన మొదట్లో నవ్వేవాడు. ఒకరాత్రి పొరపాటున దిండ్లు మారి, కలలో తాను ఒక ఎత్తైన గదిలో కూర్చుని చందమామ మీది గుంటలన్నిటినీ వేలితో నొక్కి చూస్తున్నట్టూ, అవి ఒక్కొక్కటే మెల్లిగా లేస్తున్నట్టూ కనబడింది. అప్పటినుంచి నవ్వడం మానేశాడు.

ఈ పొద్దున భోజనం డబ్బా సర్దుతూ ఆవిడ అంది: "రాత్రి కచేరీకి వెళ్ళానండీ. మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు."

"టికెట్టు ఎవరు కొన్నారు?"

"ఆ మాట అడుగుతారనే నేను వెనక వరసలో కూర్చున్నాను."

దారంతా ఆ మాట తలుచుకుని నవ్వుకుంటూనే వచ్చాడు.

ఎనిమిదింటికి ఒకావిడ నగల పెట్టె పట్టుకొచ్చి, దానికి తగ్గట్టు సూట్‌కేసులో గుంట కోసివ్వమంది. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నగలు, మందులు, కాగితాలు చేతిసంచీలో పెట్టుకోవాలమ్మా. కంటికి దూరం చెయ్యకూడదు. కిందికి పంపక తప్పనివాటికే నేను కోసేది." ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. పైమెట్టు మీద నుంచి ఇదంతా చూసిన చీటీల అమ్మాయి నవ్వింది. తుపాకులూ, పెద్ద సామానూ తీసుకునే ప్రత్యేక కౌంటర్లో కూర్చుని పెట్టెలకు చీటీలు అతికించడం ఆమె పని. అమ్మాయి అంటే నలభై ఏళ్ళుంటాయి. బాబాయి ఆమెను మొదట చూసినప్పుడు ఇరవై, అందుకని ఆయనకి ఇంకా అమ్మాయే.

"వచ్చిన బేరాలన్నీ తరిమేస్తే కొట్టు ఎందుకు బాబాయ్?"

"కూర్చోడానికి."

అదీ నిజమే. మూలనున్న కర్రకుర్చీ మీద ఆయన మిగులు ముక్కలతో వేసుకున్న మెత్త ఒకటుంది. లోకంలో స్పాంజినంతా నొక్కి చూసిన మనిషి ఆ ఒక్కదాన్నీ ఎప్పుడూ నొక్కి చూడలేదు. ఎప్పుడు చూసినా దానిమీద తనే ఉండేవాడు. కుర్చీకి ఎదురుగా గోడలో బెత్తెడు వెడల్పున నిలువు అద్దం ఉంది. అందులోంచి విమానాలు పూర్తిగా కనబడవు, తోకలు మాత్రం మెల్లిగా జారిపోతుంటాయి. రంగును బట్టి ఏది ఎక్కడికి వెళ్తుందో ఆయన చెప్పగలడు. మధ్యాహ్నం పూట ఆ తోకలను చూస్తూ ఉంటే, అవి కదులుతున్నాయో, తన కొట్టే మెల్లిగా వెనక్కి జరుగుతోందో తెలిసేది కాదు. అలా తెలియకుండా ఉండటం ఆయనకి ఇష్టం.

పదింటికి మెట్లమీద ఆ పెట్టె కనబడింది. పెట్టె వెనకాల పిల్ల.

"గుర్తుపట్టారా బాబాయ్?"

"పెట్టెని ముందు గుర్తుపట్టాను. నిన్ను తర్వాత."

పిల్ల నవ్వింది. ఇరవై ఏళ్ళుంటాయి, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. బాబాయి నవ్వలేదు. ఏడాదిగా ఆయన ఈ పెట్టె మళ్ళీ తన మెట్లు దిగాలనీ కోరుకున్నాడు, దిగకుండా ఉంటే బాగుండుననీ కోరుకున్నాడు.

పోయినేడు ఈ పిల్ల మొదటిసారి విమానమెక్కింది. గాలితో పేలే రైఫిల్ తెచ్చింది. పైన గురి చూసే సైటు బిగించి ఉంది. చిన్న చక్రం లాంటిది, పక్కన సన్నటి మరలు. దాన్ని విప్పి విడిగా పెట్టాలని పిల్లకి తెలియదు. బాబాయికి తెలుసు. తెలిసీ విప్పమనలేదు. సైటుతో సహా ఆ ఆకారం అంత అందంగా ఉంది. కొలత టేపు తీయకుండా, కంటి చూపుతోనే ఒక్క పట్టున కోసేశాడు. చీటీల అమ్మాయి చూసి చప్పట్లు కొట్టింది. మీసాలాయన కూడా దిగొచ్చి చూసి వెళ్ళాడు. ఆ సాయంత్రం బాబాయి ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళాడు.

వారానికి పిల్ల తిరిగొచ్చింది. దారిలో ఎక్కడో పెట్టె మీద బరువు పడి, సైటు వంగి, మర బిగుసుకుపోయిందట. గురి కుదరక పోటీలో అట్టడుగున నిలబడింది. సామాను మోసేవాళ్ళు పెట్టెను ఎత్తి పడేశారని కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చింది. బాబాయి పెట్టె తెరిచి చూశాడు. మూత లోపలి స్పాంజిలో, సరిగ్గా సైటు ఉన్నచోట, లోతుగా గుచ్చుకున్న గుంట. సైటు ఎత్తుగా ఉండి మూతను తాకుతోంది. బరువు మూత మీద పడినా, ఆ బరువును సైటు దాకా మోసుకెళ్ళింది తన కోత. ఆ గుంటను బొటనవేలితో తడిమి, మూత మూసి, "పాపం" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

"రెండున్నరకి విమానం," అంది పిల్ల. "ఈసారి కూడా తప్పితే జట్టులోంచి తీసేస్తామన్నారు మా మాస్టారు. పాత స్పాంజి ఉంచెయ్యనా?"

"వద్దు. మొత్తం కొత్తది కోస్తాను. నువ్వు కూర్చో."

ఆమెకి కుర్చీ ఇవ్వబోయి, అది తన బరువుకు అలవాటు పడిందని ఒక స్టూలు లాగాడు.

పాత స్పాంజి పీకేశాడు. కుడిపక్క పలకల్లోంచి మూడు ఏరి, మళ్ళీ ఒకసారి నొక్కి, పిల్లకి వినబడేలా లెక్కపెట్టి చూశాడు. రైఫిల్ మీద నుంచి సైటు విప్పమని పిల్లకే చెప్పాడు. గాలి సిలిండరు ఖాళీ చేసి విడదీయించాడు. ఈసారి కంటిని నమ్మలేదు. టేపు తీసి ప్రతి వంపునూ రెండుసార్లు కొలిచి, సుద్దతో గీశాడు. సైటుకు రైఫిల్ నుంచి బెత్తెడు దూరంగా, మూతకి తగలనంత లోతులో విడిగా ఒక గూడు గీశాడు. కత్తి పట్టుకోగానే చెయ్యి వణికింది. ఎడమ అరచెయ్యి ఆనించాడు. ఊపిరి బిగబట్టి, చివరిదాకా లాగి, వదిలి, మళ్ళీ బిగబట్టాడు. కత్తి స్పాంజిలో పోతుంటే వచ్చే చప్పుడు చాలా చిన్నది, నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు ఉంటుంది. గంటన్నర పట్టింది. పోయినసారి ఇరవై నిమిషాల్లో అయిపోయిన పని.

పిల్ల గూట్లో సైటును పెట్టి చూసింది. కదల్లేదు.

"పోయినసారి దీన్ని రైఫిల్‌కే ఉంచి కోశారు కదా బాబాయ్. ఈసారి విడిగా ఎందుకు?"

కొత్త పద్ధతి అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బాబాయి కత్తిని బల్ల మీద పెట్టాడు.

"పోయినసారి నేను తప్పు కోశానమ్మా. విప్పమని చెప్పాల్సింది. తెలుసు. చూడ్డానికి బాగుందని, పనితనం నలుగురికీ కనబడుతుందని అలా కోశాను. సైటు వంగింది మోసేవాళ్ళ వల్ల కాదు. నా వల్ల."

పిల్ల సైటును గూట్లోంచి తీసి, మళ్ళీ పెట్టింది.

"ఏడాది నుంచి వాళ్ళని తిట్టుకుంటున్నాను బాబాయ్. ముక్కూ మొహం తెలియని వాళ్ళని. మా అమ్మయితే శాపనార్థాలే పెట్టింది."

"నన్ను తిట్టాల్సింది."

"అప్పుడే చెప్పొచ్చుగా మరి?"

"చెప్పొచ్చు."

"ఎందుకు చెప్పలేదు?"

"మంచి పనివాడినని పేరుందమ్మా. నాకున్నది అదొక్కటే. పోతుందేమోనని భయమేసింది."

పిల్ల పెదవులు బిగించి, రైఫిల్‌ను దాని చోట్లో పడుకోబెట్టి, గుళ్ళ డబ్బాను వేరే పెట్టి, మూత వేసింది. బాబాయి మామూలుగా అందరికీ చెప్పేవన్నీ చెప్పాడు. మూసేముందు లోపలిదంతా ఫోటో తీసుకో. తుపాకీ ఉందని రాసిచ్చే కాగితం పెట్టె లోపల పెట్టాలి, పైన అతికించకూడదు. పెట్టెమీద క్లబ్బు బొమ్మలూ బిళ్ళలూ వద్దు. "పెట్టెను చూస్తే దొంగకి ఆవలింత రావాలి." ఈ మాటకి నవ్వని మనిషిని ఆయన ఇరవయ్యారేళ్ళలో చూడలేదు. ఇవాళ చూశాడు. పిల్ల పెట్టె ఎత్తి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పైన కౌంటర్లో అధికారి రైఫిల్ గొట్టం ఖాళీగా ఉందో లేదో చూశాడు, సిలిండరు చూశాడు, కాగితాలు చూశాడు. పిల్ల ఒకే చెవికి తెరుచుకునే రెండు తాళాలూ వేసింది. అధికారి నాలుగు మూలలా మూతను లాగి, సందులో వేలు దూరుతుందేమోనని చూశాడు. దూరలేదు. పిల్ల పెట్టెను పైకెత్తి ఊపి, చెవి పెట్టి విన్నది. లోపల ఏ చప్పుడూ లేదు. చీటీల అమ్మాయి చీటీ అతికించింది. ఇదంతా బాబాయి కింది మెట్టు మీద నిలబడి, రెయిలింగు పట్టుకుని చూశాడు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. ఈ రాత్రి ఇంటావిడ దిండు అడిగి తీసుకోవాలనుకున్నాడు.

కొట్లోకి వచ్చేసరికి వెనకాలే అడుగుల చప్పుడైంది. పిల్ల.

"రెండు తాళంచెవులు ఒకచోట ఉండకూడదని పోయినసారి మీరే చెప్పారు. ఒకటి నా మెడలో ఉంది." గుప్పిట తెరిచింది. "ఇదెక్కడ పెట్టను?"

"ఇంట్లో ఇచ్చి రావాల్సిందమ్మా."

"మర్చిపోయాను. మీ దగ్గర ఉంచండి."

బాబాయి వెనక్కి తగ్గాడు. "తాళం ఎవరిదో చెవి వాళ్ళ దగ్గరే ఉండాలి. నేను ఇంతవరకూ ఎవరిదీ తీసుకోలేదు."

"నాకు కోపం తగ్గలేదు బాబాయ్. వెళ్ళొచ్చేసరికి తగ్గుతుందేమో. నాలుగో రోజు వస్తాను, అప్పుడు ఇద్దురుగాని." ఆయన చేతిని పట్టుకుని, అందులో తాళంచెవి పెట్టి, వేళ్ళు మూసేసింది. ఆ చెయ్యి వణకడం ఆమెకి తెలిసే ఉంటుంది. ఒక క్షణం అలాగే పట్టుకుని నిలబడి, "డబ్బా తినండి, మూత కూడా తియ్యలేదు," అని పరుగున మెట్లెక్కింది.

బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. ఆకలి లేదు. సంతోషంగా ఉంది, ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. ఏడాదిగా గుండెలో గుచ్చుకుని ఉన్నదేదో ఎవరో విప్పి పక్కన పెట్టినట్టుంది. అలాగే కూర్చుండిపోయాడు. మళ్ళీ చూసేసరికి గోడ మీద గడియారం రెండూ నలభై చూపిస్తోంది. కత్తి అప్పగించడానికి ఇంకా ఇరవై నిమిషాలు. రెండే నిమిషాల నడక.

అద్దంలోకి పిల్ల విమానం తోక వచ్చింది, నీలం మీద తెల్లచార. మెల్లిగా జారుతోంది. ఒళ్ళో ఇందాకటి కోతలో మిగిలిన మెత్తటి రైఫిల్ ఉంది, దాని పక్కన గుప్పెడంత మెత్తటి సైటు. కళ్ళు మూతలు పడుతున్నాయి. తాను కోసిన పెట్టెలన్నీ ఎక్కడెక్కడో ఒకేసారి తెరుచుకుంటున్నట్టూ, వయొలిన్లూ కప్పులూ తుపాకులూ దుర్భిణులూ వాటంతటవే లేచి, ఒక్క గీత పడకుండా, నిద్ర చాలినవాళ్ళలా ఒళ్ళు విరుచుకుంటున్నట్టూ అనిపించింది. ఎవరో తీగ సవరిస్తున్నారు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఇంటావిడ వెనక వరసలో కూర్చుని, కూర్చోండి కూర్చోండి అని చెయ్యి ఊపుతోంది. తోక కదులుతోందో, కొట్టే జరుగుతోందో ఇవాళ కూడా తెలియలేదు.

బాబాయి ఒళ్ళోని స్పాంజిని బొటనవేలితో నొక్కి, వదిలాడు.

"ఒకటి," అన్నాడు. "రెండు... మూడు..."

నాలుగు దగ్గర గుంట పూడి, స్పాంజి చదునైంది. లేచింది అన్న మాట మాత్రం వినబడలేదు.

మూడూ ఐదుకి మీసాలాయన బీరువా తెరిచి చూసి, మళ్ళీ గడియారం చూశాడు. మూడూ పదికి తాళాలగుత్తి పట్టుకుని మెట్లు దిగాడు. "ఏం బాబాయ్, ఇరవయ్యారేళ్ళకి ఇవాళ దొరికావు," అంటూ వచ్చినవాడు కొట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు. కత్తి తుడిచి, బల్ల అంచుకు సమంగా పెట్టి ఉంది. మీసాలాయన చాలాసేపటిదాకా దాన్ని తీసుకోలేదు.

నాలుగో రోజు పిల్ల వచ్చింది. విమానం దిగి, పెట్టె చేతికి రాగానే సరాసరి మెట్ల దగ్గరికే వచ్చింది. సైటు వెంట్రుకవాసి కూడా కదల్లేదని చెప్పాలి. జట్టులో చోటు నిలిచిందని చెప్పాలి. కోపం తగ్గిందని కూడా చెప్పాలి. దారిలో వాటిని ఏ వరసలో చెప్పాలో కూడా అనుకుంటూ వచ్చింది. చీటీల అమ్మాయి కౌంటర్ వదిలి ఎదురొచ్చి, ఆమె భుజం పట్టుకుని మెట్లమీదే ఆపింది. చెప్పాల్సింది చెప్పింది. ఇద్దరూ అక్కడే మెట్లమీద కూర్చుని ఏడ్చారు.

"గుప్పిట్లో ఇది ఉంది," అంటూ చీటీల అమ్మాయి తాళంచెవి తీసిచ్చింది. "ఎవరిదో మాకెవరికీ తెలియలేదు. బాబాయి ఎవరి చెవీ ఉంచుకోడు కదా."

"నాదే," అంది పిల్ల.

కొట్లో పలకలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కుడిపక్కవి కుడిపక్క, ఎడమపక్కవి ఎడమపక్క. ఇంటావిడ నిన్న వచ్చి భోజనం డబ్బా, ఒళ్ళో దొరికిన మెత్తటి రైఫిలూ తీసుకెళ్ళిందట. కుర్చీ కూడా పంపించమంటారా అంటే, దాన్ని అక్కడే ఉండనివ్వండి అందట.

పిల్ల కుర్చీ ముందు నిలబడింది. మెత్త మధ్యలో ఆయన కూర్చున్న చోటు లోతుగా, గుండ్రంగా, ఎడమవైపుకి కొంచెం ఒరిగి ఉంది. ఆమె లోలోపల లెక్కపెట్టింది. ఐదు అయింది. పది దాటింది. ఇక లెక్కపెట్టడం మానేసి, వంగి, తాళంచెవిని అందులో పెట్టి, పెట్టె ఎత్తుకుని మెట్లెక్కింది.

అద్దంలో ఎవరిదో విమానం తోక జారిపోతోంది. కుర్చీలో, ఆయన కూర్చుని కూర్చుని పడిన గుంటలో, ఆ చిన్న తాళంచెవి అటూ ఇటూ కదలకుండా ఇమిడి ఉంది.